ఆపరేషన్ అయినంక తగ్గిన బరువు మల్ల పెరిగితే ఏం చెయ్యాలె: నేను తోవల పడ్డ తీరు

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకొని, మంచిగ తగ్గి, రెండు మూడేండ్లకు మల్ల పెరుగుడు షురువైన వాళ్ళ కోసం ఇది రాస్తున్న. నాది స్లీవ్ ఆపరేషన్, 2019ల హైదరాబాద్‌ల అయింది. అప్పుడు 112 కిలోలు ఉంటి, ఏడాదిన్నరకు 70కి వచ్చిన, ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకే సరిగ సమజ్ కాకుంటనే 2023 ఉగాది నాటికి 86 అయింది. ఇప్పుడు 77ల ఉన్న. 70కి మల్ల పోలే, పోవాలని పట్టు గూడ పట్టలే, 75 దగ్గర నిలబెట్టుకుంటే చాలని డాక్టరే చెప్పిండు. నేను నల్లగొండల గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ను, డాక్టర్‌ను కాదు. అందుకే గోలీల డోసులు, ఆపరేషన్ ముచ్చట్లు మీ డాక్టర్‌తోనే తేల్చుకోండ్రి. తిండి ఎట్ల, రోజు ఎట్ల గడుపుకోవాలె, మనసుకు ఎట్ల సర్ది చెప్పుకోవాలె అన్నది మాత్రం నేను పడి లేచిన మనిషిగ చెప్త.

ఆపరేషన్ చేసిన దవాఖానకు నేను రెండేండ్లు పోలే. కారణం సిగ్గు, ఇంకోటి లేదు. 74 అయినప్పుడు "జర తగ్గినంక పోదాం" అనుకున్న, 78 అయినప్పుడు అదే అనుకున్న, 82 అయినప్పుడు అక్కడి డైటీషియన్ మేడమ్ ఫోన్ చేస్తే ఫోన్ మోగుతుంటే చూసుకుంట కూసున్న గానీ ఎత్తలే. కిలోల కంటే ఆ ఫోన్ ఎత్తకపోవుడే నాకు ఎక్కువ నష్టం చేసింది. 74 మీద పోయుంటే రెండు మూడు నెలల్ల సర్దుకునే పనికి నాకు ఏడాది పైన పట్టింది. మీరు ఇప్పుడు ఎంత బరువుల ఉన్నా సరే, తగ్గినంక పోదాం అనుకోకుండ్రి, పెరిగిన బరువుతోనే పోండ్రి.

అసలు ఎందుకు పెరుగుతదో ముందుగాల తెలుసుకుంటే సగం సిగ్గు అక్కడనే పోతది. స్లీవ్‌ల కడుపు సంచిని ముప్పావు వంతు పైననే కోసి తీసేస్తరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగ ఆ తీసేసిన భాగంలనే తయారైతది, అందుకే మొదటి ఏడాది మనకు ఆకలే తెల్వదు, రెండు ముద్దలకే చాలనిపిస్తది, మనం ఏదో గొప్ప కంట్రోల్ చేస్తున్నం అనుకుంటం. ఏడాది రెండేండ్లకు ఆకలి మెల్లమెల్లగ మల్ల వస్తది, సంచి గూడ జర సాగుతది. ఇంకో దిక్కు తగ్గిన ఒంటికి తిండి తక్కువ సరిపోతది, పైగా బరువు తగ్గిన శరీరం ఖర్చు గూడ పొదుపుగ చేస్తది, జీతం తగ్గిన ఇంట్ల దీపాలు బంద్ చేసుకున్నట్టు. చాలామందికి ఏడాది నుంచి రెండేండ్ల నడుమల అన్నిటికన్న తక్కువ బరువు వస్తది, ఆడి నుంచి కొంత మల్ల ఎక్కుడు మామూలే. మూడు నాలుగు కిలోలు ఎక్కితే భయపడే పని లేదు. ఎక్కుడు ఆగకుంట పోతుంటేనే కూసొని చూసుకోవాలె.

మొట్టమొదటి పని రక్త పరీక్షలు. తిండి మార్చుడు, వాకింగ్ అన్నీ దీని తర్వాతనే. రక్తం, ఒంట్ల ఐరన్ నిల్వ చూసే ఫెరిటిన్, బీ12, విటమిన్ డీ, కాల్షియం, థైరాయిడ్, మూడు నెలల షుగర్ చూసే హెచ్‌బీఏ1సీ, లివర్, ప్రొటీన్ లెవెల్, ఇవి నాకు రాసిండ్రు. నా బీ12 అడుగున ఉండే, ఐరన్ అంతకన్నా అన్యాయం. విటమిన్ గోలీలు నేను మూడో ఏడుల బంద్ చేసిన, మంచిగనే ఉన్న కదా ఇంకెందుకు అనుకొని. ఈ ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళకు అవి జీవితాంతం ఉంటయి, బంద్ చేసుడు అనేది లేదు.

ఐరన్ తక్కువైతే బరువెందుకు పెరుగుతది అని మీకు అనిపించొచ్చు, నాకు గూడ అట్లనే అనిపించింది. నాకు ఆ ఏడాది బియ్యం బుక్కుడు అలవాటైంది. వంటింట్ల బియ్యం డబ్బ మూత తీస్తే చాలు, సోలతోటి కొలిచేముందు గుప్పెడు నోట్ల పోసుకునేది, టీవీ చూసుకుంట గూడ చిన్న గిన్నెల పెట్టుకొని నమిలేది. మా అమ్మ గూడ చిన్నప్పటి నుంచి బుక్కేది కాబట్టి అది ఒక రోగం గుర్తు అని నేను ఎన్నడనుకోలే. డాక్టర్ అడిగిండు, "మట్టి, సుద్ద, ముగ్గు, బియ్యం, ఐస్ గిట్ల తినాలనిపిస్తదా అమ్మా?" అని. నాకు నోట మాట రాలే. ఐరన్ బాగ తక్కువైన వాళ్ళకు ఇట్లాంటి కోరికలు పుడుతయట. గుప్పెడు బియ్యం అంటే 40 గ్రాములు వేసుకున్నా 140 కేలరీలు, నేను రోజుకు మూడు నాలుగు సార్లు బుక్కేది. పైన ఆ నీరసానికి చాయ్, చాయ్‌లకు రస్కు. ఐరన్ ఎక్కించుకొని రెండున్నర నెలలు అయినంక ఒకరోజు బియ్యం చెరుగుతుంటే యాదికొచ్చింది, నేను బియ్యం నోట్ల వేసుకోక ఎన్నో దినాలు అయింది, ఎప్పుడు ఆగిందో గూడ తెల్వదు. అదే నేను మనసు గట్టి చేసుకొని ఆపాలని చూసినప్పుడు రెండు రోజులు ఆగలే.

గోలీల సంగతి ఇంకొంచెం. ఐరన్, కాల్షియం రెండూ ఒక్కసారే మింగితే ఒకదాన్ని ఇంకోటి ఒంటికి పట్టనియ్యదు, రెండు గంటలన్నా ఎడం ఉండాలె. ఐరన్ మింగి ఎమ్మటే చాయ్ తాగితే అది గూడ దండుగే. కాల్షియంల సిట్రేట్ రకం మనలాంటి కడుపుకు మంచిగ పడుతది, మెడికల్ షాపుల ఏది పడితే అది ఇస్తరు, డబ్బ మీద చదివి తీసుకోండ్రి. మోకాళ్ళ నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి అడగకుంట వేసుకోవద్దు, బైపాస్ (గుండెది కాదు, కడుపును చిన్న సంచి చేసి పేగుకు కలిపే ఆపరేషన్) అయిన వాళ్ళయితే అసలే వద్దు, పుండ్లు పడుతయి. ఇంకోటి, మా దిక్కు ఊర్లల్ల కీళ్ళ నొప్పులంటే ఆర్ఎంపీ కాగితపు పొట్లంల నాలుగు రంగుల గోలీలు కట్టిస్తడు, అందుల స్టెరాయిడ్ ఉంటే నొప్పి మాయమైతది, ఆకలి రెండింతలైతది, మొఖం గుండ్రంగ అయితది, బరువు పెరుగుతది. మీరు వేసుకునే ప్రతి గోలి, ఇన్సులిన్‌తో సహా, మనసు బాగలేక వాడే గోలీలతో సహా డాక్టర్‌కు చూపియ్యండ్రి. వాటిల్ల కొన్ని బరువు పెంచుతయి, మార్చొచ్చు. కానీ మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దు.

రెండో పని రాసుకునుడు. ఏడు రోజులు, ఏమీ మార్చకుంట, ఎట్ల తింటున్నరో అట్లనే తినుకుంట, నోట్లకు పోయిన ప్రతిది రాయుండ్రి. టైము, ఏం తిన్నరు, ఎంత, ఎక్కడ కూసొని. తాగినవి గూడ రాయాలె, నిలబడి తిన్నవి గూడ రాయాలె. నేను పిల్లల పాత నోట్‌బుక్ వెనకపేజీలల్ల రాసిన. రాయకముందు ఎవరన్న అడిగితే "నేను తినేది పిట్టంత" అని ప్రమాణం చేసి చెప్పేది, అబద్ధం గూడ కాదు, పళ్ళెం ముంగట కూసొని తినేది నిజంగ పిట్టంతనే. మూడోరోజు నోట్‌బుక్ చూస్తే పళ్ళెంల తిన్నది మూడు లైన్లు, పళ్ళెం బయట తిన్నది పదిహేడు లైన్లు.

పదిహేడుల ఏమున్నయంటే, స్టాఫ్‌రూమ్‌ల నాలుగు చాయ్‌లు. మా చాయ్ పాలు చిక్కగ, చక్కెర రెండు చెంచాలు, గ్లాసుకు ఎంత తక్కువ అనుకున్నా 90, 100 కేలరీలు, నాలుగు గ్లాసులంటే 400 దగ్గరికి పాయె. బడి నుంచి వచ్చేటప్పుడు గడియారం సెంటర్ దగ్గర బత్తాయి జ్యూస్, మన నల్లగొండ బత్తాయే కదా, పండే కదా, ఆరోగ్యానికి మంచిదే కదా అని, మూడు నాలుగు కాయల రసం, పీచు లేకుంట, పైనుంచి చక్కెర. పిల్లలు ఇడిసిపెట్టిన బువ్వ. డబ్బల నుంచి చేతికి అందిన మురుకులు. కూర ఉప్పు చూసుడు అని నాలుగు ముక్కలు. రాత్రి పేపర్లు దిద్దుకుంట బిస్కెట్లు.

ఇక్కడ నేను ఒక పరీక్ష చేసిన, మీరు గూడ ఒక ఆదివారం చేసి చూడుండ్రి, నేను పది పేజీలు రాసినా దీని అంత సమజ్ కాదు. పొద్దుగాల సగం జొన్న రొట్టె, రెండు ఉడకబెట్టిన గుడ్లు, జర ఉల్లిగడ్డ కారం పెట్టుకొని, గడియారం ముంగట పెట్టుకొని తిన్న. నమిలి నమిలి తింటే 20 నిమిషాలు పట్టింది, రెండో గుడ్డు ఆఖరి ముక్క దిగలే, ఛాతి కింద బిగవట్టినట్టయి ఆపేసిన. మొత్తం లెక్కేస్తే 220 కేలరీలు. మధ్యాహ్నం రెండింటి దాక ఆకలి రాలే. అదే రోజు సాయంత్రం తక్కెడ మీద తూకం వేసి 100 గ్రాముల మురుకులు గిన్నెల పోసుకొని చాయ్ పట్టుకొని కూసున్న. పది నిమిషాలల్ల గిన్నె ఖాళీ, కడుపుల ఏం పడ్డట్టు లేదు, ఇంకో గుప్పెడు గూడ పట్టేది. అవి 500 కేలరీలు, చాయ్ వేరే. గంట తిరగకముందే మల్ల చెయ్యి డబ్బ దిక్కు పోయింది.

అదే కడుపు, అదే రోజు. పొద్దుగాల సగం రొట్టెకు నిండిన కడుపు సాయంత్రం ఎట్ల ఒప్పుకుంది అంటే, కరకరలాడేవి నోట్ల నలిగి చాయ్‌తోటి కలిసి పిండిపిండి అయి జారిపోతయి, సంచిల నిలబడయి. రస్కు, బిస్కెట్, మురుకు, ఐస్‌క్రీమ్, జ్యూస్, పాయసం, మెత్తగ కలిపిన పప్పన్నం గూడ చాలా మటుకు ఇంతే. గట్టి ప్రొటీన్ మాత్రం నిలబడి మెల్లగ దిగుతది. అంటే మన ఆపరేషన్ పాడు కాలే, పని చేస్తనే ఉంది. అది పని చేసే తిండి మనం పెడతలేం. నాకు ఇది అర్థమైన రోజు నుంచే బరువు దిగుడు మొదలైంది. మిగిలినదంతా దీని చుట్టు తిరిగేదే: గట్టిది ముందు తిను, జారేది తగ్గియ్యి, తాగేది తిండితోటి కలపకు.

తినే తీరు ఇట్ల పెట్టుకున్న. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ మనకు కావాలె, మీకు కచ్చితంగ ఎంతో మీ డైటీషియన్ చెప్తరు. పళ్ళెంల ముందు గుడ్డు, కోడికూర, చేప, పన్నీర్ ముక్కలు తినాలె, ఆ తర్వాత కూరగాయ, ఆఖరుకు జాగ ఉంటేనే రొట్టె, అన్నం. మన దిక్కు అన్నం ముందు పెట్టుకొని కూర నంజుకుంటం కదా, దాన్ని ఉల్టా చెయ్యాలె. అన్నం కుప్ప నడుమ కూర పోసుకునే చెయ్యికి ఇది అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. మొదట్ల చిన్న స్టీలు పళ్ళెం తీసుకొని అన్నం వేరే గిన్నెల దూరం పెట్టుకునేది, చెయ్యి చాపి తీసుకుంటే తప్ప రాకుంట.

లెక్కలు గుర్తుండేటట్టు చెప్త. ఒక గుడ్డుల 6 గ్రాములు. ఉడికిన కోడి ముక్కలు 100 గ్రాములల్ల 25 పైననే. చేప 100 గ్రాములకు 18, 20. మాకు పానగల్లు ఉదయసముద్రం చెరువు చేపలు, సాగర్ చేపలు దొరుకుతయి, రవ్వ, బొచ్చ ఏదైనా మంచిదే, పులుసు పెట్టుకోండ్రి, ఫ్రై వద్దు. పన్నీర్ 100 గ్రాములకు 18. మీల్ మేకర్ ఎండువి 25 గ్రాములు నానబెట్టి వండితే 13 దాక వస్తది, పైసలు గూడ తక్కువ. శనగ గుడాలు చిన్న కప్పుకు 7, 8. పుట్నాలు 30 గ్రాములకు 6. పెరుగు కప్పుకు 5. శనివారం, సోమవారం, శ్రావణమాసం నీసు ముట్టని ఇండ్లల్ల మీల్ మేకర్, పన్నీర్, పెసర్లు, బొబ్బర్లు, పెరుగు మీద బండి నడవాలె, అయితది గానీ ముందురోజు నానబెట్టుకోవాలె. మేము శ్రావణంల ప్రొటీన్ పౌడర్ ఒక స్కూపు సల్లల కలుపుకొని తాగుతం, అది డైటీషియన్‌ను అడిగి కొన్నదే. పప్పు ఒక్కదాన్నే నమ్ముకుంటే కాదు, మన ఇండ్లల్ల పప్పు నీళ్ళ లెక్కనే చేస్తరు, కప్పు తాగినా ఏం రాదు.

ఇంట్ల నా కోసం వేరే వంట లేదు, ఉండొద్దు గూడ, పది రోజులకే విసుగొస్తది. అందరికీ వండిన కూరలనే ముక్కలు నేను ముందు తీసుకుంట. కూరల నూనె మాత్రం తగ్గించిన, పెద్ద చెంచా నూనెకు 120 కేలరీలు. ఐదు లీటర్ల క్యాన్ మా ఇంట్ల నెలకు అయిపోయేది, ఇప్పుడు నెలన్నర పైన వస్తుంది. మా అత్తమ్మ మొదట్ల "కూర సప్పగుంది బిడ్డా" అన్నది, ఇప్పుడు ఆమె బీపీకి గూడ అదే మంచిదయింది.

నీళ్ళు దినాం లీటరున్నర నుంచి రెండు లీటర్లు, కానీ బువ్వ తినేటప్పుడు వద్దు, తిన్న అరగంట దాక వద్దు. తినుకుంట తాగితే తిండి కొట్టుకపోతది, కడుపు తొందరగ ఖాళీ అయితది అని చెప్తరు. నాకు అన్నిట్ల కష్టమైంది ఇదే, మన కారానికి నీళ్ళు లేకుంట ఎట్ల? కారం తగ్గించుకునుడే. చాయ్ నాలుగు నుంచి రెండు చేసిన, చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటి, ఒకటి నుంచి సగం, ఆర్నెల్లకు బంద్. బత్తాయి జ్యూస్ మానేసి కాయ ఒలుచుకొని తొనలు తింట, ఒక్క కాయకే చాలనిపిస్తది.

ఇంకో ముచ్చట. ఐదు రోజులు నీళ్ళు, సూపులు మాత్రమే తాగితే సంచి మల్ల చిన్నగ అయితది అని వీడియోలల్ల చెప్తుంటరు. నేను గూడ చేసిన, మూడు కిలోలు దిగింది, వారంల నాలుగు ఎక్కింది. సాగిన సంచి ఐదు రోజులు నీళ్ళు తాగితే ముడుచుకునేది కాదు. దిగింది ఒంట్ల నీళ్ళు, పోయింది కండ. దాని జోలికి పోకుండ్రి, ముఖ్యంగ షుగర్ గోలీలు వేసుకునేవాళ్ళు, కళ్ళు తిరిగి పడిపోతరు.

మా మరిదిది జడ్చర్ల దిక్కు, ఆయనది బైపాస్ ఆపరేషన్. ఆయనకు తిండి ముచ్చట కాదు, కల్లు ముచ్చట. ఆపరేషన్ అయినంక రెండేండ్లు ముట్టలే, తర్వాత ఇంటి దావత్‌లల్ల ఒక సీసా, తర్వాత ఆదివారం ఆదివారం, అట్ల. "తాటికల్లు చెట్టు నుంచి దిగిందే కదా వదినె, మందు కాదు కదా" అనేటోడు. బైపాస్ అయిన వాళ్ళకు తాగింది తొందరగ రక్తంల కలుస్తది, తక్కువకే ఎక్కువ ఎక్కుతది, దిగడానికి టైము పడుతది, స్లీవ్ వాళ్ళకు గూడ జాగ్రత్తనే. ఈ ఆపరేషన్ల తర్వాత కొంతమందికి తాగుడు వ్యసనంగ మారుతది అని డాక్టర్లు ముందే చెప్తరు, తిండిల దొరికిన సుఖం దాంట్ల వెతుక్కుంటరు. పైగా కల్లు పక్కన మిర్చి, బోటి, గుడాలు, ఉత్తగ ఎవరు తాగరు. మత్తు గోలీలు కలిపిన కల్లు ముచ్చట పాలమూరుల అందరికీ ఎరుకే, అది ప్రాణం మీదికి తెస్తది. ఇంట్ల వాళ్ళకు చెప్పేది ఒక్కటే, తిట్టి లాభం లేదు, దాస్తరు. మా చెల్లె ఆయనను తిట్టుడు మానేసి తోలుకపోయి సైకియాట్రిస్ట్‌కు చూపెట్టింది, అప్పటిసంది ఆయన ముట్టలే, తొమ్మిది నెలలైంది.

నడక గురించి ఎక్కువ చెప్ప, అందరికీ తెలిసిందే. పొద్దుగాల ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌ల 40 నిమిషాలు నడుస్త, ఆదివారం పానగల్లు కట్ట మీదికి పోతం. కానీ నడక ఒక్కటే సరిపోదు. బరువు తగ్గినప్పుడు కొవ్వుతోటి పాటు కండ గూడ పోయింది, కండ తగ్గితే ఒళ్ళు తిండిని తక్కువ ఖర్చు చేస్తది. వారానికి మూడు రోజులు కుర్చీల కూసొని చేతులు ఆనియ్యకుంట లేచుడు పదిహేను సార్లు, గోడకు చేతులు పెట్టి నెట్టుడు, రెండు లీటరు సీసాల్ల నీళ్ళు నింపి చేతులు పైకెత్తుడు, ఇంతే, 20 నిమిషాలు. మోకాళ్ళు నొప్పున్న వాళ్ళు ముందు ఫిజియోథెరపీ వాళ్ళను అడగండ్రి. నిద్ర గూడ ఇందుట్లనే లెక్క. రాత్రి పన్నెండింటి దాక పేపర్లు దిద్దిన రోజుల్లనే నా బిస్కెట్ పాకెట్లు ఖాళీ అయినయి. ఇప్పుడు పదింటికి వంటిల్లు బంద్, లైట్ ఆర్పుడు, మిగిలిన పేపర్లు పొద్దుగాల లేచి దిద్దుత.

మాటలు పడుడు వేరే కష్టం. పెండ్లిల పదిమందిల మా పెద్దమ్మ "ఏందే మల్ల లావైనవ్, ఆపరేషన్ పైసలు మూసీల కలిసినట్టేనా" అన్నది. ఆ రోజు ఇంటికొచ్చి మూడు లడ్డూలు తిన్న, ఆకలై కాదు. ఆ మాట కడుపుల మండుతుంటే చల్లార్చడానికి తిన్న. మీకు గూడ ఇట్లైతే తినకముందు ఒక మనిషికి ఫోన్ చెయ్యుండ్రి. నాకు స్కూల్ల ఒక అక్క ఉంది, ఆమెకు ఫోన్ చేసి "అక్కా, తినాలనిపిస్తుంది" అంటే చాలు, పది నిమిషాలు వేరే ముచ్చట పెడతది, ఆ పది నిమిషాలల్ల కోరిక దిగిపోతది. దిగకుంటే, రోజు ఇదే నడుస్తుంటే, రాత్రిళ్ళు దొంగతనంగ తింటుంటే కౌన్సిలింగ్ తీసుకోండ్రి, ఇది బీపీ, షుగర్‌కు మందు తీసుకున్నట్టే. పెద్దమ్మలకు జవాబు నేను ఒకటే పెట్టుకున్న: "డాక్టర్ చూస్తున్నడు పెద్దమ్మా, తగ్గుతున్న." అంతే, ఇంకో మాట లేదు.

పండుగలు బంద్ పెట్టే పని లేదు. సద్దుల బతుకమ్మ నాడు ఐదు రకాల సద్దులు చేస్తం, నేను అన్నిట్ల ఒక్కో చెంచా తింట, నువ్వుల సద్ది జర ఎక్కువ తింట, అది నాకు ఇష్టం. కాకపోతే బతుకమ్మ ఆడడానికి పోకముందు ఇంట్ల రెండు గుడ్లు తిని పోత. దసరా నాడు యాట కూర ముక్కలు తింట, బగార అన్నం రెండు ముద్దలు. సంక్రాంతి సకినాలే నాకు డేంజర్, మురుకుల లెక్కనే జారిపోతయి, అందుకే కుండల పోసి అటక మీద పెట్టుమని మా ఆయనకు చెప్పిన, రోజుకు రెండు ఇస్తడు. పండుగ నాడు ఎక్కువ తిన్నా మర్నాడు ఉపాసం ఉండొద్దు, మర్నాడు పొద్దుగాల మల్ల రెండు గుడ్లు, అంతే. బరువు వారానికి ఒక్కసారే చూసుకోండ్రి, ఒకే రోజు, పొద్దుగాల, కడుపు ఖాళీగ. నేను సోమవారం చూస్త. నెలకు కిలో, రెండు కిలోలు దిగితే చాలా మంచిగ నడుస్తున్నట్టు, మొదటి ఏడాది దిగినట్టు ఇప్పుడు దిగదు, దాంతోటి పోల్చుకొని ఏడ్వకుండ్రి. ఇప్పుడున్న బరువు మీద మూడు కిలోలు ఎక్కితే ఫోన్ చెయ్యాలని గీత పెట్టుకున్న, మీరు గూడ ఒక గీత పెట్టుకోండ్రి.

ఇవన్నీ మూడు నాలుగు నెలలు సక్కగ చేసినా దిగకుంటే డాక్టర్ ఎండోస్కోపీ చేస్తరు, బేరియం తాగిపిచ్చి ఎక్స్‌రే తీస్తరు, సంచి సాగిందా, బైపాస్ అయిన వాళ్ళకు సంచిని పేగుకు కలిపిన జాయింట్ వెడల్పయిందా చూస్తరు. ఇప్పుడు ఇంజెక్షన్లు గూడ వచ్చినయి, సెమాగ్లూటైడ్, ఇంకోటి టిర్జెపటైడ్, ఇది మౌంజారో అనే పేరుతోటి 2025 మార్చిల మన దేశంల వచ్చింది. ఆపరేషన్ తర్వాత పెరిగిన వాళ్ళకు గూడ డాక్టర్లు ఇవి రాస్తున్నరు, ఆకలి బాగ తగ్గుతది, వికారం ఉంటది, ఆపితే చాలామందికి బరువు మల్ల వస్తది, ఆకలి లేక ప్రొటీన్ గూడ మానేస్తే కండ పోతది. మెడికల్ షాపుల తెలిసినోడున్నడని చీటీ లేకుంట కొనుక్కునుడు మాత్రం వద్దే వద్దు. రెండో ఆపరేషన్ గూడ ఉంది, స్లీవ్‌ను బైపాస్‌గ మారుస్తరు, ఛాతిల మంట బాగ ఉన్నోళ్ళకు అది రెండు విధాల పనికొస్తది, కానీ మొదటిదాని కంటే రెండోదాంట్ల ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. తినే తీరు మారకుంట అది చేయించుకుంటే మల్ల ఇక్కడికే వస్తం.

కొన్నిటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండ్రి. తిన్నదంతా వాంతి అయితుంటే, నీళ్ళు గూడ నిలువకుంటే, వాంతులతోటి కాళ్ళు తిమ్మిరి పడుతుంటే, దొడ్డికి నల్లగ వస్తుంటే, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చి తగ్గకుంటే, తిన్న గంట రెండు గంటలకు చెమటలు పట్టి కళ్ళు తిరుగుతుంటే అదే రోజు పోవాలె.

దవాఖానకు పోయేటప్పుడు ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం, కొత్త రక్త పరీక్షలు, వాడే గోలీల డబ్బలు, ఏడు రోజులు రాసిన నోట్‌బుక్ తీసుకపోండ్రి. నోట్‌బుక్‌ల ఏదీ కొట్టెయ్యకుండ్రి, ఆ లడ్డూలు గూడ ఉండనియ్యండ్రి. పోవడానికి ధైర్యం చాలకుంటే ముందు ఫోన్ చెయ్యండ్రి. నేను రెండేండ్ల తర్వాత ఆ డైటీషియన్ మేడమ్‌కు ఫోన్ చేసిన రోజు, ఆమె ఇన్ని రోజులు ఏమైందని అడుగుతది, బరువెంత అని అడుగుతది, ఏం చెప్పాలె అని చేతుల చెమటలు పట్టినయి. ఆమె అడిగింది ఇంతే: "ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నరు మేడమ్?" చాయ్, రెండు రస్కులు అని చెప్పిన. "సరే, రేపు రెండు గుడ్లతోటి మొదలుపెడదాం" అన్నది.